ముసుగు చాటు కలం

మనిషి ఎవరో తేల్చిచెప్పే శాస్త్రానికి హైదరాబాదు తూర్పుభాగంలోని నాచారం, ఉప్పల్ ప్రాంతాలు నెలవులు. డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం తొలినాళ్లలో నాచారంలో పనిచేసి, నాంపల్లికి మారి, నేడు ఉప్పల్‌లో నెలకొని ఉన్నది. ఒక రక్తపు చుక్క, ఒక వెంట్రుక కుదురు ఉంటే అక్కడ మనిషి ఆనవాలు దొరుకుతుంది. ఆ ఉప్పల్‌లోనే రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానం కూడా ఉన్నది. ఆటగాడినని చెప్పుకొంటూ పేరు దాచుకొని రాసే వ్యక్తిని ఏ పరీక్షతో గుర్తించాలి? అసలు గుర్తించి తీరవలసిన అవసరం ఉన్నదా? 2009లో క్రికెట్ అభిమానుల ముందుకు ఈ ప్రశ్న వచ్చింది.

ఆ ఏడాది సార్వత్రిక ఎన్నికల కారణంగా ఐ.పి.ఎల్. పోటీలు దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. ఉప్పల్ మైదానాన్ని సొంతగడ్డగా చేసుకొన్న నాటి డెక్కన్ ఛార్జర్స్ జట్టు, అంతకుముందు సంవత్సరం అట్టడుగున నిలిచినది, మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరు జట్టును 6 పరుగుల తేడాతో ఓడించి విజేత అయింది. అయితే ఆ వారాలలో విజేతలకు దీటుగా చర్చకెక్కినవాడు ఒక అజ్ఞాత రచయిత. 'ఫేక్ ఐ.పి.ఎల్. ప్లేయర్' అనే మారుపేరుతో, తాను కోల్‌కతా జట్టు సభ్యుడినని నమ్మబలుకుతూ, జట్టు లోగుట్టును అంతర్జాలంలో రాస్తూ వచ్చాడు. పేరుమోసిన ఆటగాళ్లకు ఎగతాళి పేర్లు తగిలించాడు. ఇతడెవరన్న ఊహాగానాలు చెలరేగాయి. పోటీల నడుమ స్వదేశానికి పంపబడిన ఆటగాళ్లపై అనుమానపు చూపులు పడ్డాయి. 2010లో రచయిత తానే బయటపడ్డాడు. అతడు బెంగళూరుకు చెందిన మార్కెటింగ్ ఉద్యోగి అనుపమ్ ముఖర్జీ. జట్టులో ఏనాడూ లేనివాడు! ఏడాదికి పైగా ఆ నింద నీడను మోసినవారు మాత్రం నిజమైన ఆటగాళ్లు.

ఈ ఒక్క ఉదంతాన్ని చూసి, పేరు దాచినవాడల్లా మోసగాడని తీర్మానించడం తొందరపాటు. 2011లో ఇంగ్లాండుకు చెందిన 'గార్డియన్' పత్రిక 'ద సీక్రెట్ ఫుట్‌బాలర్' పేరుతో ఒక వృత్తి క్రీడాకారుని శీర్షికను ప్రచురించసాగింది. మరుసటి ఏడాది అది పుస్తకరూపం ధరించింది. కోట్ల ఒప్పందాల వెనుక బేరసారాలను, డ్రెస్సింగ్ రూమ్ మాటలను, అన్నింటికీ మించి తనను కుంగదీసిన మానసిక వ్యాకులతను ఆ ఆటగాడు వెల్లడించాడు. పాఠకులలో కొందరు ఆ వ్యాకులతను దాటవేసి ఆనవాళ్ల వేటలో పడ్డారు. ఏ జట్టు చేతిలో ఓడినట్లు రాశాడు? ఏ శిక్షకుని వద్ద ఆడినట్లు చెప్పాడు? ఒక్కొక్క పేరును కొట్టివేస్తూ పోయారు. పొడుపుకథ విప్పే సరదా వారిది. రాసినవానికి అది జీవనోపాధితో ముడిపడిన విషయం. ఫుట్‌బాల్ ఆటగాని వృత్తిజీవితం సాధారణంగా ముప్పై అయిదేళ్ల ప్రాయానికే ముగుస్తుంది. పక్కన కూర్చొన్న ఆటగాళ్ల నమ్మకం చెదిరితే ఆ కొద్ది కాలమూ దక్కకపోవచ్చు.

ఫుట్‌బాల్ హైదరాబాదుకు పరాయిది కాదు. ఈ నగరానికి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానంలో నిలిచింది. గోల్స్ లెక్క చరిత్రలో భద్రంగా ఉన్నది. ఓడిన రాత్రి ఆటగాడు ఏమి తలపోశాడో, ఆట చాలించాక ఇల్లు ఎట్లా గడిచిందో ఆ లెక్క చెప్పదు. అది ఆటగాడే చెప్పాలి. పేరు పెట్టి చెప్పలేనప్పుడు పేరు లేకుండానైనా చెప్పనివ్వాలి.

రచయిత ఎవరని ఆరా తీయడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. ఓరుగల్లు వీథుల సందడిని కళ్లకు కట్టిన 'క్రీడాభిరామం' వినుకొండ వల్లభరాయుని పేరుతో ఉన్నది. కాదు, అది శ్రీనాథుని కృతి అని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. పద్యాల పోలికలు, పదాల కూర్పు ఆ చర్చకు ఆధారాలు. పండితులు ఎంత వాదులాడినా ఆ కవులిద్దరికీ పోయేదేమీ లేదు! ఆ చర్చ వల్ల కావ్యాన్ని మరింత శ్రద్ధగా చదివినవారూ ఉన్నారు. ఆధునిక కాలంలో పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'పురాణం సీత' పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాశారు. ఆ ముసుగు వల్ల ఎవరికీ నష్టం వాటిల్లలేదు. ముచ్చట్ల రుచీ తగ్గలేదు.

బతికి ఉన్న వ్యక్తి విషయం వేరు. అజ్ఞాత రచన ఎవరినైనా పేరెత్తి నిందించినప్పుడు, నిందకు గురైనవారికి రచయిత ఎవరని అడిగే హక్కు ఉన్నది. ముఖర్జీ రచనలో ఆ దోషం ఉన్నది: ఎగతాళి పేర్ల చాటున ఉన్నవారెవరో పాఠకులు ఇట్టే పోల్చుకోగలిగారు. తన వేదనను మాత్రమే చెప్పుకొన్న ఆటగానిని అదే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. అతడు రాసిన మాట నిజమా అని పరీక్షించవచ్చు. ఆ బాధ్యత ప్రచురించిన సంపాదకునిది. అతనికి రచయిత ఎవరో తెలిసి ఉండాలి. పాఠకునికి తెలియకపోయినా లోటు లేదు. ఉప్పల్ కేంద్రంలోనైనా నేరానికి సంబంధించిన రక్తపు చుక్కను న్యాయస్థానమో పోలీసు శాఖో పంపితే పరీక్షిస్తారు. పక్కింటివారి కుతూహలం తీర్చడానికి కాదు.