పద పరిచయం: జౌజ్



గడచిన నెలలో గోదావరి కాలువ కింద వరి పండించే ఒక రైతు, తన కుమార్తెను, అల్లుణ్ణి వెంటబెట్టుకొని మా మదరసాకు వచ్చారు. ఆలుమగల మధ్య మాటలు నిలిచిపోయి చాలా రోజులైనదట. "మౌలానా గారూ, ఆమె నా జౌజా. నా మాటే చెల్లాలి కదా?" అని అల్లుడు అడిగాడు. "ముందు ఆ మాటకు అర్థం చూద్దాం బాబూ" అన్నాను.

మనం జోడు, జత, జంట అన్నప్పుడు రెండూ కలిసిన సముదాయమే స్ఫురిస్తుంది. అరబ్బీలో 'జౌజ్' అసలు అర్థం అది కాదు. తోడు గల రెండింటిలో ప్రతి ఒక్కటీ జౌజ్. రెండూ కలిస్తే 'జౌజాన్'. పూర్వ నిఘంటుకారులు పావురాలను, పాదరక్షలను ఉదాహరణగా చూపి ఈ సంగతే వివరించారు. అంటే ఒకరిని ఆ పేరుతో పిలవగానే రెండవవారి ఉనికిని కూడా అంగీకరించినట్లే.

దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 35వ ఆయతులో హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) సతీమణిని జౌజ్ అన్నది. ముజాదలా సూరా మొదటి ఆయతులో ఒక స్త్రీ భర్తను కూడా జౌజ్ అనే అన్నది. ఆలికీ మగనికీ ఒకటే మాట. వివాహానికి మనం వాడే 'ఇజ్దివాజ్' కూడా ఈ ధాతువు నుండి ఏర్పడినదే.

ఈ పదం గ్రీకు భాషలోని 'జ్యూగోస్' నుండి ఆరామిక్ మీదుగా అరబ్బీలోకి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. దానికి అర్థం ఒకే కాడికి కట్టిన పశువుల జత. కాడి అనే అర్థం గల సంస్కృత 'యుగం', మనం వాడే 'యుగళం' కూడా ఆ ప్రాచీన మూలానికి చెందినవే.

కాడి మాట వినగానే అంతవరకు మౌనంగా ఉన్న మామగారు నోరు విప్పారు: "ఎడ్లలో ఒకటి బలమైనదైతే కాడి పట్టును దాని వైపు కొంచెం జరిపి కట్టేవాళ్ళం. అప్పుడు బరువు దాని మీదే ఎక్కువ పడుతుంది."

అల్లుడు తల వంచుకున్నాడు. బలం గలవానికి దక్కేది అధిక భారమే కాని, అధిక స్వరం కాదు.

అప్పుడు నాకొక సంగతి తట్టి సిగ్గు కలిగింది. ముజాదలా సూరా ఆరంభంలో, భర్త విషయమై వాదించిన ఆ స్త్రీ మొరను అల్లాహ్ ఆలకించాడు. నేనో, ఎదుట కూర్చున్న ఆ అమ్మాయిని అంతసేపూ ఒక్క మాటైనా అడగలేదు.

"ఇప్పుడు నీవు చెప్పమ్మా" అన్నాను.