ఆ మార్కులో సైన్సు ఎంత, ఇంగ్లిష్ ఎంత?

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, మాల మాదిగ వాడల నుంచి ఇంజనీరింగ్‌కు వచ్చిన పిల్లలకు త్వరణం తెలుసు, లెక్క చేయడం తెలుసు. కాలేజీలో అది ‘యాక్సిలరేషన్’ అవుతుంది, ద్రవ్యవేగం ‘మొమెంటం’ అవుతుంది. పేర్లు మారడం పెద్ద కష్టం కాదు, కొన్ని నెలల్లో అలవాటవుతాయి. అసలు చిక్కు ఆ పేర్ల చుట్టూ ఉండే వాక్యాలతోనే. ‘అన్‌లెస్’, ‘విత్ రెస్పెక్ట్ టు’, ‘నెగ్లెక్టింగ్’ లాంటివి ఏ సైన్సు పదకోశంలోనూ ఉండవు. కానీ ఒక్క ‘అన్‌లెస్’ అర్థం కాకపోతే ప్రశ్నే తలకిందులవుతుంది. అలా తప్పిన వాళ్లకు ఫిజిక్స్ రాదని తేల్చేస్తారు. ఆ మార్కునే మెరిట్ అంటారు. రిజర్వేషన్లకు వ్యతిరేకంగా చూపించేదీ దాన్నే.

పాఠశాలల్లో ఇంగ్లిష్ మీడియం కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబర్‌లో ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. ఈ చర్చలో మాతృభాష కోసం కన్నీళ్లు పెట్టిన పెద్దల పిల్లలు ఎక్కడ చదివారో మేము మళ్లీ చెప్పనక్కర్లేదు. అయినా ‘కిరణజన్య సంయోగక్రియ’ ఏ వాడలో ఎవరి అమ్మ మాట్లాడే భాష?

అలాగని బోర్డు మీద మీడియం పేరు మారిస్తే సైన్సు రాదు. టీచరే తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు ఇంగ్లిష్ పాఠం చదివి వినిపిస్తే పిల్లలకు మిగిలేది బట్టీయే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వేసిన పాఠ్యపుస్తకాలు ఈ మొత్తం వ్యవహారంలో తెలివైన పని. క్లాసు కూడా అలాగే నడవాలి. వివరణ తెలుగులో, రాత ఇంగ్లిష్‌లో, ఏడాదికేడాది తెలుగు తగ్గిస్తూ.

పరీక్షల సంగతి మరీ విడ్డూరం. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులో రాయొచ్చు. ఐఐటీ సీటు తేల్చే అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. హిందీ విద్యార్థికి ఉన్న వెసులుబాటు తెలుగు విద్యార్థికి ఎందుకు లేదు? 2021లో ఏఐసీటీఈ తెలుగులో బీటెక్‌కు అనుమతిచ్చింది. ఆ సెక్షన్లలో చేరేది ఎవరి పిల్లలు, క్యాంపస్ ఇంటర్వ్యూలు జరిగేది ఏ భాషలో అని అడిగితే మా అనుమానం అర్థమవుతుంది.

కాలేజీలో కావలసింది సాయంత్రం ఐదు తర్వాత ‘వెనకబడిన వాళ్ల’ను విడిగా కూర్చోబెట్టే రెమిడియల్ క్లాసు కాదు. అక్కడికి వెళ్లడమే కులం చెప్పుకోవడం అవుతుంది. మొదటి సెమిస్టర్ టైంటేబుల్‌లోనే, అందరికీ, క్రెడిట్లతో, సబ్జెక్టు ఇంగ్లిష్ నేర్పాలి. ఫస్టియర్ ప్రశ్నపత్రం రెండు భాషల్లో ఇవ్వాలి. వైవాలో తెలుగులో జవాబు చెప్పనివ్వాలి.

విద్యార్థి సంఘాలు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. మీ యూనివర్సిటీలో ఫస్టియర్ మ్యాథ్స్, ఫిజిక్స్ బ్యాక్‌లాగ్‌లు ఇంటర్ మీడియం వారీగా, సామాజిక వర్గం వారీగా ఎన్ని ఉన్నాయో ఆర్‌టీఐ కింద అడగండి. ఆ లెక్కే మా దగ్గర లేదంటే, ఆ మాట కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.