బండ మోసేవాడికి బేరాల బరువా?

మా ఉదయగిరిలో గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి ఈమధ్య బండ దించి ఊరుకోవడం లేదు. "కొత్త కనెక్షన్ తీసుకునేవాళ్ళు ఎవరన్నా ఉండారా అక్కా? స్టవ్వు కావాలా?" అంటాడు. ఆత్మకూరులో మా చెల్లెలింటికి వచ్చే అబ్బాయిదీ ఇదే పాట. నెలకిన్ని బేరాలు తేవాలని ఏజెన్సీ వారి హుకుమట!

బండలో గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ బరువూ దాదాపు అంతే. ఆ 30 కిలోలు భుజానెత్తుకుని మేడలెక్కడం చాలదా?

స్టవ్వు ఎక్కడైనా కొనుక్కునే హక్కు మనది. అయినా అతని దిగులు మొహం చూసి, 5 ఏళ్ళు వచ్చే రబ్బరు ట్యూబుని రెండేళ్ళకే మార్చేస్తున్నాం. ఇది జాలిని అమ్ముకోవడం కాదూ?

తెలిసిన కుర్రాడని వంటింటిదాకా రానిస్తాం. రేపు అతన్ని చూసి తలుపేసుకుంటే పోయేది ఏజెన్సీ పరువే. బేరాలు కావాలంటే బేరానికింతని కమీషనివ్వండి, ఇష్టముంటే తెస్తాడు. ఒక్క జీతానికి రెండు పనులు చేయించడం మాత్రం అన్యాయం. ఆ మాట ఏజెన్సీకి చెప్పవలసింది మనమే.