పదమూడేళ్ల పాఠకురాలికి మన నవల ఏది?

తెలుగులో పదేళ్ల లోపు పిల్లలకు కథలున్నాయి. పద్దెనిమిది దాటినవాళ్లకు నవలలున్నాయి. నడుమ ఆరు నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలున్నారు. వాళ్ల వయసువాళ్లే ముఖ్యపాత్రలుగా, వాళ్ల బతుకులోని చిక్కుల మీద వచ్చిన నవలలు చెప్పమంటే ఒక చేతి వేళ్లు నిండేలోపే ఆగిపోతాం. తిరుపతిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి తల్లిని నేను. తను చదివే పుస్తకాలన్నీ తనతోపాటు చదువుతుంటాను. ఈ లోటును రచయితలకూ ప్రచురణకర్తలకూ వదిలేయకుండా తల్లిదండ్రులు కూడా పట్టించుకోవాలని నా వాదన.

లోటు కొత్తది కాదు. 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన ‘చందమామ’ మూడు తరాలకు చదివే అలవాటు చేసింది. దాసరి సుబ్రహ్మణ్యం తన పేరు కనిపించకుండా రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసి లోయ’, ‘పాతాళ దుర్గం’ లాంటి సీరియళ్ల కోసం నెలంతా కాచుకున్న పిలకాయలు మనపక్క ఊరూరా ఉండేవాళ్లు. వాటిలో సాహసం ఉంది, స్నేహం ఉంది, భయాన్ని దాటడం ఉంది. మరి చందమామ వయసు దాటాక? ఎనభైలలో దానికి దొరికిన జవాబు అద్దె పుస్తకాల అంగడి. రోజుకింతని చిల్లర కట్టి మధుబాబు షాడో నవలలూ, యద్దనపూడి, యండమూరి నవలలూ తెచ్చుకోవడమే. నిన్నటిదాకా మాంత్రికుల గుహల్లో తిరిగిన పిల్లలు ఒక్కసారిగా యండమూరి ‘తులసిదళం’లోని చేతబడిలో పడ్డారు. ఆ రచయితలను తప్పుపట్టలేం. వాళ్లు రాసింది పెద్దల కోసం. పన్నెండేళ్లవాళ్లు చదవడానికి ఇంకేదీ లేక వాటిని చదివారు.

ఇప్పుడు వారపత్రికల కాలం పోయింది, అద్దె అంగళ్లు మూతపడ్డాయి, చందమామ ఆగిపోయి కూడా పదేళ్లు దాటింది. పిల్లల ముందు రెండే దారులు మిగిలాయి. డబ్బున్న ఇళ్లలో ఇంగ్లీషు నవలలు. మిగతా ఇళ్లలో ఫోను, అందులో ఎవరు ఎవరికోసం రాశారో తెలియని సీరియల్ కథలు.

ఇంగ్లీషు నవలల మీద నాకు కోపం లేదు. ఈ వయసు పాఠకులను వేరుగా గుర్తించింది మొదట ఆ లోకమే. అమెరికా లైబ్రేరియన్లు 1957లోనే కౌమార పాఠకుల కోసం ప్రత్యేక విభాగం పెట్టుకున్నారు. ఎస్.ఇ. హింటన్ హైస్కూల్లో ఉండగానే రాసిన ‘ది ఔట్‌సైడర్స్’ 1967లో అచ్చయింది. 1970లో జూడీ బ్లూమ్ మార్గరెట్ అనే అమ్మాయి నవల రాసింది. మార్గరెట్‌కు పన్నెండేళ్లు వస్తుంటాయి. స్నేహితురాళ్లలో ఎవరు ముందు పెద్దమనిషి అవుతారా అని ఎదురుచూస్తుంటుంది. అమ్మది ఒక మతం, నాన్నది ఇంకొకటి కాబట్టి తను ఏ దేవుడితో మాట్లాడాలో తేల్చుకోలేక సతమతమవుతుంటుంది. ఆ పుస్తకాన్ని లైబ్రరీల నుంచి తీసేయాలని అక్కడి తల్లిదండ్రులే ఎన్నోసార్లు పట్టుబట్టారు. ఇవాళ దాన్ని చదివితే, అందులో తీసేయాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు.

ఆ పుస్తకం పక్కన మన ఊళ్లను పెట్టి చూడండి. ఆడపిల్ల పెద్దమనిషి అయితే చిత్తూరు, తిరుపతి పక్క మనం దాచిపెట్టం. కల్యాణమండపం మాట్లాడతాం, వీధి మొదట్లో ఆ పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కడతాం. మేనమామ పట్టుచీర తెస్తాడు, ముత్తయిదువలు అక్షింతలు వేస్తారు, నువ్వుల చిమ్మిలి తినిపిస్తారు, వీడియో తీస్తారు. ఇంతమంది నడుమ కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల మనసులో ఏముంది? మర్నాడు బడికి పోతే, ఫ్లెక్సీ చూసిన మగపిల్లల మొహం చూడడం ఎట్లా అనుకుంటోందా? తనకూ నచ్చిందా, సిగ్గేసిందా, రెండూ కలిశాయా? నిన్నటిదాకా గల్లీలో క్రికెట్ ఆడిన పిల్లను ఇక ఆడొద్దన్నప్పుడు ఏమనుకుంది? ఊరంతా తెలిసిన ఈ సంగతి మీద, ఆ పిల్ల వైపు నుంచి, ఆ పిల్ల చదవడానికి రాసిన తెలుగు నవల ఒక్కటి నా చేతికి రాలేదు. మా అమ్మాయి మార్గరెట్ కథను ఇష్టంగా చదివింది. కానీ మార్గరెట్‌కు పట్టుచీర తెచ్చే మేనమామ లేడు, కల్యాణమండపం లేదు, అంటు పాటించే జేజి లేదు. మా అమ్మాయికి ఇవన్నీ ఉన్నాయి.

ఇంకొకటి చదువు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని పేరు పెట్టి పొద్దున ఆరుకు లేపి రాత్రి తొమ్మిదికి వదిలే బడులు ఈ ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. సెక్షన్లు మార్కుల వరుసలో ఉంటాయి. ఒక పరీక్షలో తగ్గితే బెంచీ మీది స్నేహితురాలు వేరే సెక్షన్‌లోకి పోతుంది. పదమూడేళ్ల వయసులో స్నేహం తెగడం చిన్న దుఃఖం కాదు. దీని మీద పెద్దలు పెద్దల కోసం రాసినవి ఉన్నాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘చదువులా? చావులా?’ అని పుస్తకమే రాసి తల్లిదండ్రుల మొహానే అడిగాడు. ఆ సెక్షన్ మారిన పిల్ల రాత్రి పడుకునే ముందు తెరవడానికి మాత్రం పుస్తకం లేదు.

పిల్లల పుస్తకం అనగానే మన రచయితలకూ, కొనే పెద్దలకూ గుర్తొచ్చేది నీతి. చివరి పేరాలో దొంగ మారిపోవాలి, సోమరి బుద్ధి తెచ్చుకోవాలి. ఏడేళ్ల పిల్లకు ఇది సరిపోతుందేమో. పదమూడేళ్ల పిల్ల తన చుట్టూ మారని దొంగలను రోజూ చూస్తోంది. బుద్ధిగా ఉన్నవాళ్లకు అన్యాయం జరగడం తరగతిలోనే చూస్తోంది. ఆ వయసుకు పాఠం చెప్పే పుస్తకం కన్నా ప్రశ్నతో వదిలేసే పుస్తకం అవసరం. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారాలు ఇస్తోంది. తెలుగులో వచ్చినవాటిలో ఎక్కువ చిన్నపిల్లల కథలు, గేయాలే. అవి రావాల్సినవే. నవలలూ రావాలి.

అన్నట్టు, ఆ పురస్కారం మొదటి ఏడాది తెలుగుకు వచ్చింది మన జిల్లాకే. పాకాలకు చెందిన కలువకొలను సదానంద ‘అడవి తల్లి’ నవలకు. అంతకు చాలా ముందే, 1966లో, ఆయన పిల్లల నవల ‘బంగారు నడిచిన బాట’కు కేంద్ర ప్రభుత్వ బహుమతి దక్కింది. ఆయన బడిపంతులు. పిల్లలను రోజూ దగ్గర నుంచి చూసి, వాళ్లకు నవల రాయొచ్చని అరవై ఏళ్ల కిందటే నమ్మిన మనిషి. 2020లో పోయారు. తిరుపతిలో ఇంజనీరింగ్ సీట్ల లెక్క తెలిసిన తల్లిదండ్రులు వేలల్లో ఉన్నారు. రైలెక్కితే కాసేపట్లో చేరే పాకాలలో ఇలాంటి రచయిత ఉండేవాడని తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు.

మరో పేరు మళ్లీ నామినిదే. తిరుపతి దగ్గరి మిట్టూరు ఆయనది. ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ పిల్లల కోసమని ముద్ర వేసిన పుస్తకాలు కావు. కానీ వాటి నిండా పిల్లతనమే. ఆకలి, అమ్మ ఆరాటం, పొలం పని, తోటి పిలకాయలతో చేసిన ఆగం. ఇంగ్లీషు మీడియంలో చదివే మా అమ్మాయికి ఆ అచ్చు మొదట కంటికి పట్టుబడలేదు. తెలుగు వాచకంలో ఉండే భాష కాదది. నేను పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాక ఒక్క మాటకూ అర్థం అడగలేదు. అది తన జేజి మాట్లాడే భాష. కంటికి కష్టమైంది చెవికి సులువైంది. వారం తిరక్కుండానే పుస్తకం నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకుంది. తెలుగు చదవడం రాని పిల్లలకు తెలుగు నవలలెందుకని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఇదే: ఈ పిల్లలకు రానిది పుస్తకాల తెలుగు. ఇంటి తెలుగు వాళ్లకు వచ్చు. ఇంటి మాటలో రాసిన నవలను నాలుగు రోజులు పైకి చదివి వినిపించే మనిషి ఇంట్లో ఉంటే మిగతాది వాళ్లే చూసుకుంటారు.

ఆ పుస్తకాల్లో బూతులున్నాయి, పిల్లలకు ఎట్లా ఇస్తావని బంధువులు అడిగారు. నా లెక్క వేరు. తిట్టు పిల్లలకు కొత్త కాదు. బడి బస్సులో వినే తిట్ల ముందు మిట్టూరు తిట్లు ఎంత? ఏ పాత్ర ఏ కోపంలో, ఏ లేమిలో ఆ మాట అన్నదో పుస్తకం చూపిస్తుంది, బస్సు చూపించదు. చావు, అప్పు, తాగుడు ఉన్న కథలకూ నేను అడ్డు చెప్పను. నేను అడ్డు చెప్పేది ఒక్కదానికి: వద్దన్న అమ్మాయి వెంట పడితే చివరికి ఒప్పుకుంటుందని నమ్మించే కథకు. మన వారపత్రికల నవలలూ సినిమాలూ దశాబ్దాలుగా దీన్ని ప్రేమ పేరుతో నూరిపోశాయి. ఇప్పుడు ఫోను కథల్లోనూ అదే నడుస్తోంది. అందులో ముద్దు లేకపోవచ్చు, ఒక్క చెడ్డమాట కూడా ఉండకపోవచ్చు. అయినా పదమూడేళ్ల పిల్లకూ పిల్లవాడికీ చేసే చెరుపు చాలా పెద్దది. అలాంటిది కనబడినా నేను పుస్తకం లాక్కోను. నేనూ చదువుతాను, చదివాక ఆ అమ్మాయి స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావని అడుగుతాను. పుస్తకం దాచిపెడితే ఆ ప్రశ్న అడిగే అవకాశమే పోతుంది.

ఇక పుస్తకాలు కొనే డబ్బు సంగతి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. కొండ కింద పెరిగిన ఈ ఊళ్లో, ఇన్ని హోటళ్లు, ఇన్ని అపార్ట్‌మెంట్లు కట్టే పన్నులో అది చిన్న మొత్తం కాదు. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడుల లైబ్రరీలకు ఏటా బడి స్థాయిని బట్టి రూ.5,000 నుంచి రూ.20,000 దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఈ డబ్బుతో ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు ఏ నవలలు కొన్నారని అడిగే హక్కు మనకుంది. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల తరవాత రెండో ప్రశ్నగా అడగాలి. కొనడానికి ఏమున్నాయంటారా? అప్పటి అనంతపురం జిల్లాలో టింబక్టు కలెక్టివ్ పిల్లలు, టీచర్లు 2008లో మొదలుపెట్టిన ‘కొత్తపల్లి’ పత్రికలో సీమ పిల్లలు తమ మాటల్లో రాసుకున్న కథలున్నాయి. అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా, ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ కలిసి పిల్లల పుస్తకాలు తెస్తున్నాయి. జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనాగి రాసిన టోటోచాన్ కథ ‘రైలుబడి’ పేరుతో ఎప్పుడో తెలుగులోకి వచ్చింది. సదానంద, నామిని ఉండనే ఉన్నారు. ఇవి చాలవు, కానీ మొదలుపెట్టడానికి చాలు.

మన రచయితలకు ఒక విన్నపం. తిరుపతిలో, చిత్తూరులో, పలమనేరులో, మదనపల్లెలో మంచి కథకులున్నారు. వాళ్లలో బడిపంతుళ్లే ఎక్కువ. మధురాంతకం రాజారాం, సదానంద నడిచిన దారి అది. రోజూ మీ ముందు కూర్చునే నలభైమందిలో ఒకరిని తీసుకోండి. హాస్టల్ నుంచి పారిపోవాలనుకుంటున్న పిల్లవాడు కావచ్చు, వలసపోయిన నాయన ఫోను కోసం ఎదురుచూసే పిల్ల కావచ్చు, ఫ్లెక్సీ మీద తన ఫొటో చూసుకుని తల దించుకున్న అమ్మాయి కావచ్చు. నూరు పేజీల నవల రాయండి. చివర్లో నీతి పెట్టకండి. మేం కొంటాం, మా పిల్లలతో కలిసి చదువుతాం, ఎక్కడ బాగాలేదో వాళ్లే మీకు ఉత్తరం రాస్తారు.