క్రీడాధ్యక్షుని సమత్వం – క్రీడాకారుని స్వాతంత్ర్యం

ఫలితం ముందే నిశ్చితమై ఉంటే పాచిక వేయించడం ఎందుకు? ఏ మార్గాన పోయినా గమ్యం ఒక్కటే అయితే ‘ఏ మార్గాన పోతావు?’ అని అడగడం ఎందుకు? చూడడానికి ఇది వినోదానికి సంబంధించిన ప్రశ్న. విచారిస్తే, కర్తృత్వానికీ ఫలదాతృత్వానికీ సంబంధించిన వేదాంత ప్రశ్నయే ఇందులో ఇమిడి ఉంది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న పట్టణం ఉంది. 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే క్రీడ అక్కడి నుండి వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇరువురు దాని కర్తలు. బల్ల చుట్టూ కూర్చున్నవారు తలా ఒక పాత్రను స్వీకరించి, ఆ పాత్ర చేసే పనులను మాటలతో చెబుతారు. ఒక్కరు మాత్రం ఆ కల్పిత లోకాన్ని నిర్మించి, అందులోని శత్రుమిత్రుల పక్షాన మాట్లాడి, నియమాలను అన్వయిస్తారు. గేమ్ మాస్టర్ అని పిలువబడే ఆ వ్యక్తిని క్రీడాధ్యక్షుడు అనడం సముచితం. కార్యం సందిగ్ధమైనప్పుడు ఇరవై ముఖాల పాచిక ఫలితాన్ని తేలుస్తుంది. అధ్యక్షుడు తన పాచికలను అట్టతెర చాటున వేసుకోవడం చాలా చోట్ల ఆచారం.

ఈ తెర చాటున రెండు దోషాలకు అవకాశం ఉంది. కుడి దారిలో రాక్షసుడున్నాడేమోనన్న శంకతో క్రీడాకారులు ఎడమ దారిని ఎంచుకుంటారు. అధ్యక్షుడు ఆ రాక్షసుణ్ణే నిశ్శబ్దంగా ఎడమ దారికి మారుస్తాడు. ఇది మొదటి దోషం. పాచికపై పడిన సంఖ్య ఒకటి కాగా మరొకటి పడిందని చెప్పడం రెండవది. మొదటిదానిలో ఎంపిక నిరర్థకం, రెండవదానిలో పాచిక నిరర్థకం.

బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మొదటి పాదంలో వైషమ్యనైర్ఘృణ్యాధికరణం ఉంది. లోకంలో ఒకరు సుఖులు, ఒకరు దుఃఖితులు కదా, అట్టి సృష్టి చేసిన ఈశ్వరునికి పక్షపాతం, నిర్దయ అంటవా అని అక్కడి ఆక్షేపం. ఈశ్వరుడు నిరపేక్షంగా ఫలమీయడు, జీవుల కర్మను అపేక్షించే ఇస్తాడు, కనుక ఆ దోషాలు అంటవని సమాధానం. వర్షం వరికీ యవలకూ సమానంగానే కురుస్తుంది, మొలకలలోని భేదం బీజాలదే అని శంకర భగవత్పాదులు దృష్టాంతం చూపారు. ఈ సాపేక్షత్వమే సమత్వానికి ప్రాణం. అందరికీ ఒకే ఫలం పంచడం సమత్వం కాదు. ఫలం కర్తను అనుసరించి రావడమే సమత్వం. రాక్షసుణ్ణి దారి మార్చిన అధ్యక్షుడు ఈ సాపేక్షత్వాన్నే విడిచిపెట్టాడు.

ఇక్కడ ఒక భేదాన్ని విస్మరించరాదు. తొలి సృష్టికి పూర్వం కర్మ ఎక్కడిది అన్న శంకకు సంసారం అనాదియని శాస్త్రం సమాధానమిస్తుంది. క్రీడాధ్యక్షునికి ఆ ఆశ్రయం లేదు. అతని లోకానికి ఆది ఉంది, ఆ ఆదికి కర్త అతడే. అందువల్ల ఆరంభంలో ఎవరికి ఏమి ఇచ్చాడో, ఆపదను ఎక్కడ నిలిపాడో, దానికి పూర్తి బాధ్యత అతనిదే.

దయాపక్షం వారి వాదం వేరు. వివేకంతో ఆడినవాని పాత్ర కేవలం దురదృష్టం వల్ల మరణిస్తే కాపాడరాదా? ఇది తేలికగా తోసివేయదగిన వాదం కాదు. 1979లో వెలువడిన ‘డంజన్ మాస్టర్స్ గైడ్’లో గైగాక్స్ స్వయంగా, పాచికను తోసిపుచ్చే అధికారం అధ్యక్షునికి ఉందని అంగీకరించాడు.

అధికారం ఉన్నమాట నిజమే. అయితే దానిని ప్రకటంగా వినియోగించడం వేరు, గుప్తంగా వినియోగించడం వేరు. ‘ఈ దెబ్బకు మరణం లేదు, బందీవి అవుతావు’ అని అందరి ఎదుట చెప్పడం దయ. పడిన సంఖ్యను దాచడం అనృతం. ఆ అనృతం ఒకనాడు బయటపడితే, అంతకు ముందు గెలిచిన గెలుపులన్నీ సందేహాస్పదమవుతాయి. తన సాహసం వల్ల గెలిచానా, ఆయన అనుగ్రహం వల్ల గెలిచానా అన్నది క్రీడాకారునికి ఎన్నటికీ తేలదు. అతణ్ణి రక్షించబోయి అతని కర్తృత్వాన్నే హరించినట్లవుతుంది.

నలోపాఖ్యానంలో ద్వాపరుడు పాచికలలో ప్రవేశించాడు. నలుడు తాను ఆడుతున్నాననే అనుకున్నాడు, కాని ఆ పాచికలలో అప్పటికే పరుని సంకల్పం నిండి ఉంది. ద్వాపరునిది ద్వేషం, అధ్యక్షునిది ప్రేమ కావచ్చు. ఉద్దేశం ఏదైనా, పాచికలో మరొకరి ఇచ్ఛ దాగిన తరువాత అది ద్యూతమూ కాదు, క్రీడా కాదు.

దయకు సరియైన కాలం పాచిక పడక పూర్వమే. పదిహేను గాని అంతకు మించి గాని పడితేనే అగాధాన్ని దాటగలిగే సందర్భంలో, ఇరవై ముఖాలలో ఆరు మాత్రమే అనుకూలం, అనగా నూటికి ముప్పై పాళ్లు. పడితే మరణమని, దూరాన వంతెన ఉన్నదని ముందే తెలపాలి. ఆ పైన దూకడమా మానడమా అన్నది అతని ఇష్టం. మరణింపజేయడం ఇష్టం లేని చోట పాచికనే అడగకూడదు. జీవుని ప్రయత్నాన్ని ఈశ్వరుడు అపేక్షించకపోతే విధినిషేధాలు వ్యర్థమవుతాయని పరాయత్తాధికరణం బోధిస్తుంది. ఎంపికకు ఫలం లేని చోట హెచ్చరికకూ అర్థం లేదు.

ఇల్లు, పాఠశాల, కార్యాలయం – పిన్నలను ‘నీ ఇష్టం’ అని అడిగి, నిర్ణయం ముందే చేసి ఉంచే పెద్దలు అన్ని చోట్లా ఉన్నారు. ఇష్టం అడగని పెద్దరికం కఠినమే కావచ్చు, కాని అందులో వంచన లేదు. అడిగిన తరువాత మాత్రం ఆ సమాధానానికి కట్టుబడి ఉండడమే ధర్మం.

స్వస్తి.