బెల్టు లేని మొనగాళ్ళు

2023 సెప్టెంబర్ 8, శుక్రవారం. ఆ రోజు నేను నాలుగింటికే లాప్‌టాప్ మూసేశాను. గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ షో మరి. చిన్నప్పుడు టెన్ స్పోర్ట్స్‌లో చూసింది చూసినట్టు పరుపు మీద తమ్ముడి మీద ప్రయోగించి, అమ్మ చేత తన్నులు తిన్న తరం మాది. జాన్ సీనా మన ఊరికొస్తున్నాడంటే ఆగుతామా!

సీనా సంగతి సరే. నేను గొంతు పోయేలా అరిచింది మాత్రం సామీ జేన్ కోసం. ఆ రోజు అతను, కెవిన్ ఓవెన్స్ టాగ్ టీమ్‌గా వచ్చారు. ఎదురుగా ఉన్నది మన ఇండస్ షేర్ జోడీ. మనవాళ్ళని వదిలేసి ఆ ఎర్రగడ్డం కెనడా వాడికి జై కొడుతుంటే పక్కన కూర్చున్న మా సీనియర్ (రెజ్లింగ్ గురించి అస్సలు తెలీదు, టికెట్ మిగిలిపోయిందంటే వచ్చాడు) నావైపు వింతగా చూశాడు.

"ఇంతలా అరుస్తున్నావ్, వీడు వరల్డ్ చాంపియనా?"

"కాదు బాసూ. ఇంతవరకూ ఒక్కసారి కూడా అవ్వలేదు."

"మరి ఏం చూసి అరుస్తున్నావ్?"

ఏదో చెప్పబోయాను గానీ ఆ గోలలో వినపడలేదు. నిజానికి నా దగ్గర సరైన జవాబు కూడా లేదు. కానీ ఆ ప్రశ్న నాకు బాగా గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో తర్వాత చెప్తాను, కాస్త సొంత గోల ఉంది అందులో.

ముందు ఒక విషయం ఒప్పేసుకుందాం. ఈ ఫైటింగులు నిజం కావు, ఎవరు గెలవాలో ముందే రాసి పెట్టుకుంటారు. ఇదేమీ రహస్యం కాదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్రంలో క్రీడల నిబంధనలు తప్పించుకోవడానికి ఆ కంపెనీ వాళ్ళే మాది పోటీ కాదు, వినోదం అని చెప్పుకున్నారు. కింద పడటం, దెబ్బలు తగలడం, మెడలు విరగడం మాత్రం నిజం.

అలాంటప్పుడు "ఎంతో ప్రతిభ ఉండీ వరల్డ్ టైటిల్ రాని రెజ్లర్లు" అని బాధపడటంలో అర్థం ఉందా? (టైటిల్ అంటే ఇక్కడ డబ్ల్యూడబ్ల్యూఎఫ్, తర్వాత పేరు మారిన డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ అతి పెద్ద బెల్టు. చిన్న కంపెనీల బెల్టులు లెక్కలోకి తీసుకోవట్లేదు.) నాకు తెలిసి ఈ విషయంలో జనం రెండు రకాలు. మొదటి రకం "అంతా నాటకమే అయినప్పుడు బెల్టు వస్తే ఎంత, రాకపోతే ఎంత" అంటారు. రెండో రకం "మావాడికి అన్యాయం జరిగింది" అని గుండెలు బాదుకుంటారు. నేను చాలా ఏళ్ళు రెండో గుంపులో ఉన్నాను. ఇప్పుడు రెండూ సరికాదు అనిపిస్తోంది.

1994 మార్చి 20, రెజిల్‌మేనియా 10, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఆ రోజు మొదటి మ్యాచ్‌లో ఓవెన్ హార్ట్ సొంత అన్న బ్రెట్ హార్ట్‌ని ఓడించాడు. ఏ మోసమూ లేకుండా, శుభ్రంగా పిన్ చేసి మరీ. అన్నదమ్ముల మధ్య ఉండే ఉక్రోషాన్ని ఇరవై నిమిషాల్లో అంత బాగా చూపించిన మ్యాచ్ ఇంకోటి నేను చూడలేదు. అదే రాత్రి చివరి మ్యాచ్‌లో బ్రెట్ యోకోజునాని ఓడించి వరల్డ్ చాంపియన్ అయ్యాడు. అందరూ రింగులోకి వచ్చి అతన్ని భుజాలకెత్తుకుంటుంటే, ఓవెన్ వచ్చి దూరంగా నిలబడి చూస్తాడు. పొద్దున పరీక్షలో అన్నకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న తమ్ముడు, సాయంత్రం అన్న సన్మానానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది.

అదే షోలో నిచ్చెన మ్యాచ్ ఒకటి ఉంది. రేజర్ రామోన్, అంటే స్కాట్ హాల్, షాన్ మైకేల్స్ మీద గెలిచాడు. తర్వాత ఏమైంది? ఓడిపోయిన షాన్ రెండేళ్ళలో వరల్డ్ చాంపియన్. గెలిచిన రేజర్‌కి ఆ బెల్టు ఎప్పటికీ రాలేదు.

ఇంకొంచెం వెనక్కి వెళితే 1992 ఆగస్టులో లండన్ వెంబ్లీ స్టేడియం. కంపెనీ లెక్క ప్రకారం 80,355 మంది జనం. ఆ రోజు చివరి మ్యాచ్ వరల్డ్ టైటిల్‌ది కాదు, దానికంటే చిన్నదైన ఇంటర్‌కాంటినెంటల్ బెల్టుది. సొంత దేశం జనం ముందు బ్రిటిష్ బుల్‌డాగ్ బ్రెట్ హార్ట్ మీద గెలిచాడు. ఆ ఫోటోలు ఇప్పుడు చూసినా ఒళ్ళు పులకరిస్తుంది. అక్టోబర్‌లో వరల్డ్ చాంపియన్ అయింది మాత్రం వెంబ్లీలో ఓడిపోయిన బ్రెట్టే. 2002లో చనిపోయేదాకా బుల్‌డాగ్‌కి అది అందలేదు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. మనం బెల్టుని మార్కుల మెమో అనుకుంటాం. అది మెమో కాదు, అసైన్‌మెంట్. "వచ్చే ఆరు నెలలు కంపెనీ ఎవరి మీద డబ్బు పెట్టాలి" అన్న ప్రశ్నకి పైనున్నవాళ్ళు రాసుకున్న జవాబు అది. అందులో ప్రతిభ ఒక కాలమ్ మాత్రమే. ఎత్తు, ఒడ్డు, జనాదరణ, మేనేజ్‌మెంట్ నమ్మకం, ఏ మార్కెట్లో ఎవరు అమ్ముడవుతారు, ఇవన్నీ మిగతా కాలమ్స్.

ఇక రాడీ పైపర్. 1985లో మొదటి రెజిల్‌మేనియా ఎవరి వల్ల నడిచింది అంటే అందరూ హల్క్ హోగన్ పేరు చెప్తారు. సరే, కానీ హోగన్ ఎవరిని కొట్టడం కోసం అంతమంది టికెట్లు కొన్నారు? పైపర్ని. మైకు పట్టుకుంటే చాలు ఊరు ఊరంతా వాణ్ణి తన్నాలనుకునేలా మాట్లాడేవాడు. అతని పక్కన ఆడిన పాల్ ఆర్నడార్ఫ్ మరుసటి ఏడాది హోగన్‌తో తలపడితే టొరొంటోలో 60 వేలకు పైగా జనం వచ్చారని లెక్క. ఈ ఇద్దరిలో ఎవరికీ వరల్డ్ టైటిల్ రాలేదు. పైపర్‌కి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో ఒంటరిగా గెలిచిన బెల్టు అంటూ ఒక్కటే, 1992లో ఇంటర్‌కాంటినెంటల్. రెండున్నర నెలల్లో అదీ పోయింది. టెడ్ డిబియాసీ అయితే 1988లో ఆంద్రే ద జెయింట్ గెలిచిన బెల్టుని ఏకంగా కొనేశాడు. చెల్లదు పొమ్మన్నారు. దాని కోసం పెట్టిన టోర్నమెంట్లో ఫైనల్ దాకా వచ్చి రాండీ సావేజ్ చేతిలో ఓడిపోయాడు. చివరికి వజ్రాలు పొదిగిన సొంత బెల్టు చేయించుకున్నాడు. కథే అనుకోండి, అయినా బెల్టు రానివాడి బాధకి అంతకంటే మంచి కథ ఎవరూ రాయలేదు.

మాయాబజార్‌లో ఎన్టీఆర్ ఉన్నాడు, ఏఎన్నార్ ఉన్నాడు. కానీ ఎస్వీ రంగారావు లేని మాయాబజార్‌ని ఊహించగలరా? పైపర్, డిబియాసీ అలాంటివాళ్ళు. హీరో ఎవరైనా, అతన్ని హీరోగా నిలబెట్టే పని వీళ్ళది. ఆ పని వీళ్ళంత బాగా ఇంకెవరికీ రాదు. చిక్కల్లా అక్కడే ఉంది. బాగా చేస్తారు కాబట్టి వీళ్ళకే ఇస్తారు, వీళ్ళకే ఇస్తారు కాబట్టి అందులోంచి బయటకి రానివ్వరు.

"పోనీలెండి, గొప్పవాళ్ళని జనం గుర్తుపెట్టుకున్నారు కదా, బెల్టుదేముంది" అని తేల్చెయ్యడం కూడా నాకు నచ్చదు. ఆ రోజుల్లో చాలామంది రెజ్లర్ల సంపాదన షోలో ఎక్కడ ఆడారు, టికెట్లు ఎన్ని అమ్ముడయ్యాయి అన్నదాని మీద ఆధారపడేది. పై స్థానానికి పై డబ్బు. పైగా కంపెనీ వాళ్ళని ఉద్యోగులుగా కాదు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లుగా చూసింది. (కాంట్రాక్ట్ బాడ్జి రంగు వేరుగా ఉండే ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.) ఓవెన్ హార్ట్ 1999 మే 23న కాన్సస్ సిటీలో ఒక చిన్న బెల్టు మ్యాచ్ కోసం, ముసుగేసుకున్న హాస్యపాత్రలో, పైకప్పు నుంచి తాడుతో దిగుతూ పడి చనిపోయాడు. 34 ఏళ్ళు. ఆ రాత్రి షో ఆగలేదు. అలాంటివాడి గురించి "టైటిల్దేముందిలే" అనడానికి నాకు నోరు రాదు.

మరి టైటిల్ వచ్చినవాళ్ళ సంగతి? 2007 జులై. నాకు పదేళ్ళు. వరల్డ్ చాంపియన్ ఎడ్జ్‌కి గాయమై బెల్టు వదిలేస్తే, ఇరవై మందిని ఒకేసారి రింగులోకి దింపి పెట్టిన మ్యాచ్‌లో మన గ్రేట్ ఖలీ గెలిచాడు. పంజాబ్ పోలీసు శాఖలో పనిచేసిన మనిషి వరల్డ్ చాంపియన్! మర్నాడు స్కూల్లో మేం చేసిన గోల ఇంతా అంతా కాదు. ఇప్పుడు ఆ మ్యాచులు మళ్ళీ చూస్తే తెలుస్తుంది, పాపం ఖలీకి రింగులో అటు నుంచి ఇటు నడవడమే కష్టంగా ఉండేది. పైపర్, డిబియాసీ, ఓవెన్, బుల్‌డాగ్, రేజర్ ఐదుగురికీ రానిది ఖలీకి వచ్చింది. అన్యాయమే కదా? కానీ ఆ రోజు తరగతి గదిలో బెంచీలెక్కి గెంతిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ బెల్టు ఖలీకి ఇచ్చింది నాలాంటివాడు గెంతడానికే. వాళ్ళ లెక్క తప్పలేదు. ప్రతిభ అనే కాలమ్ ఒక్కటే చూసి ఆ లెక్కని తప్పుపట్టడం నాకిప్పుడు కుదరదు.

సరే, సొంత గోల. 2023 అప్రైజల్‌లో మా మాడ్యూల్‌కి లీడ్ పోస్టు వచ్చింది. రెండేళ్ళుగా రాత్రిళ్ళు పగిలిపోయే బ్యాచ్ జాబ్స్ అన్నీ నా నెత్తిమీదే ఉన్నాయి కాబట్టి అది నాదే అనుకున్నాను. నేను పని నేర్పించిన కుర్రాడికి ఇచ్చారు. మానేజర్ పిలిచి, "నువ్వు ఆ పని వదిలేస్తే ఇంకెవరు చూస్తారు చెప్పు?" అన్నాడు. పొగడ్తే! ఇంటికెళ్ళేదాకా అది పొగడ్త అనే అనుకున్నాను కూడా. తర్వాత ఆ కుర్రాడితో మూడు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. వాడేం తప్పు చేశాడని? క్లయింట్ ముందు వాడు నాకంటే బాగా మాట్లాడతాడు. ఆ కాలమ్ ఒకటుందని నేనెప్పుడూ పట్టించుకోలేదు. నాకా పోస్టు కావాలని నోరు తెరిచి అడిగిందీ లేదు.

స్టేడియంలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదంతా. "వీడు చాంపియనా? కాకపోతే ఏం చూసి?" అంటే, బెల్టు ఇచ్చేవాళ్ళు రాసుకున్న జవాబునే ప్రతిభకి కొలతగా మనం తీసుకుంటున్నాం. నేను కూడా నా విషయంలో అదే చేశాను. లీడ్ ఇవ్వలేదు కాబట్టి నాకు పని రాదేమో అని నెల రోజులు కుమిలిపోయాను.

కోఫీ కింగ్‌స్టన్ సంగతి చూడండి. 2008 నుంచి ఆడుతున్నాడు. పదకొండేళ్ళు "ఎప్పటికీ టైటిల్ రానివాళ్ళ" జాబితాలో ఉన్నాడు. 2019లో ఇంకొకతనికి గాయమైతే ఆ ఖాళీలో దూరాడు, జనం పట్టుకున్నారు, ఏప్రిల్ 7న డేనియల్ బ్రయన్ మీద గెలిచి చాంపియన్ అయ్యాడు. ఏప్రిల్ 6న ఉన్న కోఫీకి, ఏప్రిల్ 8న ఉన్న కోఫీకి పనిలో తేడా ఏముంది? ఏమీ లేదు. మారింది పైవాళ్ళ జవాబు. అక్టోబర్లో బ్రాక్ లెస్నర్ వచ్చి పది సెకన్లు కూడా పట్టకుండా దాన్ని పట్టుకుపోయాడు. అప్పుడూ కోఫీ పనితనం ఎక్కడికీ పోలేదు.

కాబట్టి నా మటుకు నేను ఈ రెండు ప్రశ్నలనీ విడదీసుకున్నాను. పని బాగా చేశానా అన్నది ఒకటి. దానికి జవాబు నాకు తెలియాలి, నాతో పనిచేసినవాళ్ళకి తెలియాలి. బెల్టు ఇచ్చారా అన్నది ఇంకోటి. అది బేరం. అడగాలి, గట్టిగా అడగాలి, డబ్బుతో సహా అడగాలి. ఇవ్వకపోతే ఇంకో కంపెనీ చూసుకోవాలి. స్కాట్ హాల్ 1996లో చేసింది అదే. మొదటిదాన్ని తెచ్చి రెండోదానికి ఓదార్పుగా వాడుకోకూడదు, రెండోది పోయిందని మొదటిదాన్ని అనుమానించకూడదు.

ఆ తర్వాత నేను బ్యాచ్ జాబ్స్ అన్నిటికీ కూర్చుని డాక్యుమెంట్ రాశాను, ఇంకో ఇద్దరికి నేర్పాను, లీడ్ కావాలని మానేజర్‌ని నేరుగా అడిగాను. ఇంకా రాలేదు లెండి. కానీ "నువ్వు వదిలేస్తే ఎవరు చూస్తారు" అనే మాట మాత్రం ఆగిపోయింది.

మా సీనియర్‌కి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు కూడా దొరికింది. షో అయ్యాక, బయట ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా ఆయనే అన్నాడు: "సీనా సరే గానీ, ఆ గడ్డం అతను ఎవరోయ్? కింద పడినప్పుడల్లా నిజంగానే పోయాడేమో అనిపించింది."

"అదే బాసూ," అన్నాను. "అది చూసే."