మూడో స్క్రూ

తుపాను దాటిన మర్నాడు ఊళ్లో ముందుగా వినిపించేది చెట్లు కోసే మిషన్ల రొద. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కుదిపేశాక, 2018లో తిత్లీ ఉద్దానం కొబ్బరిని నేలకూల్చాక, కరెంటుకన్నా పాల ప్యాకెట్లకన్నా ముందు దారి తెరిచింది ఆ చెయిన్ రంపాలే. ఆ హడావుడిలో ఒక్కోచోట గమనిస్తే ఒళ్లు జలదరిస్తుంది. కోసేవాడు ఒక కొమ్మ వదిలి ఇంకో కొమ్మ వైపు అడుగేస్తుంటాడు, యాక్సిలరేటర్ మీద వేలు ఉండదు, అయినా బార్ చుట్టూ చెయిన్ మెల్లగా పాకుతూనే ఉంటుంది. చూసేవాళ్లకు మిషన్ మాంచి ఊపు మీదున్నట్టు అనిపిస్తుంది.

ఈ రంపం కార్బొరేటర్‌కు మామూలుగా మూడు స్క్రూలుంటాయి. ‘ఎల్’ తక్కువ వేగంలో అందే పెట్రోలును, ‘హెచ్’ పూర్తి వేగంలో అందే పెట్రోలును చూసుకుంటాయి. మూడోదాన్ని కొన్ని కంపెనీలు ‘టి’ అంటాయి, కొన్ని ‘ఎల్‌ఏ’ అంటాయి. అది పెట్రోలు జోలికి పోదు, గాలి దారిలోని మూతను రవ్వంత తెరిచి పట్టుకుంటుంది. పని లేనప్పుడు ఇంజను ఆగిపోకూడదు, చెయిన్ కదలకూడదు. దానికి అప్పజెప్పిన ఉద్యోగం ఇంతే. చాలా రంపాల్లో ఆ వేగం నిమిషానికి 2,700, 2,800 చుట్ల దగ్గర ఉంటుంది. ఇంకో వెయ్యి పెరిగితే క్లచ్ బరువులు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, చెయిన్ కదులుతుంది. కోతలో పది వేలకు పైగా తిరిగే యంత్రానికి వెయ్యి చుట్లు ఒక లెక్కా? కోసేవాడి మోకాలు మాత్రం ఆ వెయ్యి మీదే ఆధారపడి ఉంది.

చిక్కేమిటంటే, తిప్పగానే ఫలితం చూపించేది ఈ మూడో స్క్రూయే. ఇంజను స్లోలో ఆగిపోతోందా? అర చుట్టు బిగిస్తే ఆగదు. అసలెందుకు ఆగిపోతోందని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఎయిర్ ఫిల్టర్‌లో పొట్టు మేట వేసి ఉండొచ్చు, ‘ఎల్’ అటూ ఇటూ అయి ఉండొచ్చు, సీలు అరిగి ఎక్కడో గాలి చొరబడుతూ ఉండొచ్చు. ఆ రోగాలన్నీ అలాగే ఉంటాయి, పైకి ఇంజను మాత్రం నడుస్తుంటుంది. (ఈ తరహా వైద్యం మన ఆఫీసులకూ కొత్త కాదు గానీ, ఆ ప్రస్తావన ఇక్కడ వద్దు.)

పని తెలిసిన మెకానిక్ ముందు ఫిల్టరు శుభ్రం చేస్తాడు, చెయిన్ బిగువు చూస్తాడు, ఇంజనును వేడెక్కనిస్తాడు. అప్పుడు ‘ఎల్’ను కొద్దికొద్దిగా తిప్పుతూ వేగం ఎక్కడ బాగా పెరుగుతుందో చెవితో పడతాడు. అక్కడ ఆగిపోడు. అక్కణ్నుంచి ఒక వీసం వెనక్కి, పెట్రోలు పెరిగే వైపు తెస్తాడు. యాక్సిలరేటర్ నొక్కితే దగ్గకుండా అందుకోవాలి, వదిలితే శబ్దం ఠక్కున దిగాలి. వదిలాక కూడా కాసేపు పైనే ఉండి తీరిగ్గా దిగిందంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది. ఇవన్నీ తేలాకే మూడో స్క్రూ మీద చెయ్యి వేస్తాడు. చెయిన్ కదిలేదాకా బిగించి, ఆగేదాకా వదిలి, ఇంకాస్త వదులుతాడు. తర్వాత రంపాన్ని పక్కకు వంచి, ముక్కు కిందికి దించి వింటాడు. శబ్దం మారకూడదు.

చేతక్ స్కూటరును పక్కకు వంచి కిక్ కొట్టిన తరానికి ఈ వంచడం కొత్త కాదు. అక్కడ వంచితే కార్బొరేటర్ తొట్టిలో పెట్రోలు పొంగేది. తొలినాటి రంపాలకూ అలాంటి తొట్టే ఉండేది. అందుకని కార్బొరేటర్‌ను నిటారుగా ఉంచి, బార్‌ను మాత్రం తిప్పుకొనే ఏర్పాటు చేసుకునేవారు. డయాఫ్రం అనే పలుచని పొర తొట్టి స్థానంలోకి వచ్చాక రంపం తలకిందులుగా పట్టుకున్నా నడుస్తోంది.

‘హెచ్’ దగ్గర చెవి మోసపోతుంది. పెట్రోలు తగ్గించేకొద్దీ శబ్దం సన్నబడి చురుగ్గా, వినసొంపుగా తయారవుతుంది. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిలు వెళ్లేది పెట్రోలుతోనే, చాలా రంపాలకు లీటరుకు 20 మిల్లీలీటర్లు. పెట్రోలు తగ్గితే ఆ ఆయిలూ తగ్గుతుంది, చలవా తగ్గుతుంది, చివరికి పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది. ఖాళీగా పూర్తి వేగంలో ఉన్నప్పుడు రంపం కాస్త బరబరమనాలి, దుంగలోకి దిగగానే గొంతు తేరుకోవాలి. చెవి ఎంత గొప్పదైనా ఇక్కడ టాకోమీటర్ పెట్టి, కంపెనీ చెప్పిన అంకె దాటకుండా చూసుకోవడమే మేలు.

స్టిల్ ఎం-ట్రానిక్, హస్క్‌వార్నా ఆటోట్యూన్ వంటివి ఈ సర్దుబాటును తామే చేసుకుంటున్నాయి. విశాఖ తీరంలో సరిచేసిన మామూలు రంపం 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరితే, పలుచని గాలికి పెట్రోలు ఎక్కువై పొగ కక్కుతుంది. ఎలక్ట్రానిక్ రంపానికి ఆ బాధ లేదు. చెవి విద్య అంతరిస్తోందని బెంగపడేవాళ్లున్నారు. వంద డెసిబెల్స్ దాటే ఆ రొద ముందు పోగొట్టేది ఆ చెవులనే కాబట్టి, నాకైతే ఆ బెంగ లేదు.

అయినా స్క్రూల రంపాలు ఇంకా చాలాకాలం మన మధ్య ఉంటాయి. వాటికి కొత్త చిక్కు 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కనుక పాత సర్దుబాటు మీద మిశ్రమం పలుచబడుతుంది, పైగా అది తేమ పీలుస్తుంది. ట్యాంకులో నెలల తరబడి వదిలేస్తే డయాఫ్రం బిరుసెక్కుతుంది. మున్సిపాలిటీల్లో, విద్యుత్ సబ్‌స్టేషన్లలో, అగ్నిమాపక కేంద్రాల్లో ఉన్న రంపాలను ఏటా తుపానుల కాలానికి ముందు, సెప్టెంబరులోనే బయటికి తీసి, తాజా పెట్రోలు పోసి, వేడెక్కించి చూడాలి. తనిఖీ కాగితంలో ‘ఖాళీగా ఉన్నప్పుడు చెయిన్ కదలడం లేదు’ అని ఒక గడి పెట్టాలి. కదులుతుంటే మూడో స్క్రూ తగ్గించాలి. తగ్గిస్తే ఇంజను ఆగిపోతోందంటే, స్క్రూను మళ్లీ బిగించకుండా రంపాన్ని మెకానిక్ దగ్గరికి పంపాలి.